కోత లేదు, కుట్టు లేదు

వెంకటదుర్గ గేదెకి కుడితి పెట్టి, ఆడపిల్లలిద్దరికీ జడలేసి, కత్తిపీట ముందు కూర్చుంది. బెండకాయ తెగలేదు. ఇంకోటి తీసింది. అదీ అంతే, జారి పక్కన పడింది.

"ఇనుం అలిగిందండి అత్తయ్యా!" అని కేకేసింది.

"అలిగితే అలిగింది, చేత్తో తుంచెయ్" అంది సూరమ్మ, పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే.

ఆ ఊళ్ళో ఇనుం అలగడం కొత్తేం కాదు. కాస్త పసుపు రాసి ఓ పూట దాని మానాన వదిలేస్తే అదే దారికొస్తుంది. ఈసారి మాత్రం రాలేదు. మధ్యాహ్నం గేదెకి గడ్డి కోయబోతే, కొడవలి గడ్డిని నిమిరి ఊరుకుంది. ఆ ఒక్క ఇంటి ఇనుమే సుమండీ, పక్కింట్లో గోంగూర కాడలు కూడా చక్కగా తెగుతున్నాయి.

దుర్గకి ఇనుం గొడవ పట్టలేదు. తెల్లారితే ఆస్పత్రిలో క్యాంపు, ఆపరేషన్‌కి వెళ్ళాలి. మూడో కాన్పులో, చంటాడు పుట్టినప్పుడు, చచ్చి బతికింది. ఇంకోటొస్తే బతకదని డాక్టరుగారు మొహం మీదే చెప్పేశారు. మాత్రలు మింగితే వాంతులు. లూప్ వేయించుకుంటే నెలల తరబడి రక్తం పోయి మనిషి తెల్లగా పాలిపోయింది. నర్సమ్మ ప్రసన్నకుమారిగారు దుర్గ మొగుడు అచ్చిబాబు చేతిలో నిరోధ్ ప్యాకెట్లు పెడితే, ఆ మహానుభావుడు వాటిని ఊది పిల్లలకి బుడగలు చేసిచ్చాడు. ఏం చెప్పమంటారు!

"ఈ కాస్త రక్తంతో దుర్గకి కత్తి పెడితే ప్రమాదం అచ్చిబాబుగారూ. మీరు చేయించుకోండి, క్షణంలో పని" అని ఆవిడ ఎన్నోసార్లు బతిమాలింది.

అతను వినేవాడే, ఆ ఆటో రాకపోతే. ధాన్యం పండి చేలన్నీ వంగి ఉన్న రోజుల్లో మైకు కట్టుకుని ఓ ఆటో వచ్చింది. "కోత లేదు, కుట్టు లేదు" అని అరుస్తూ పోయింది. మగాళ్ళ ఆపరేషన్ సంగతది. గాలికి గట్ల మీదికి 'కోత లేదు' అన్న ముక్కొక్కటే చేరింది. అసలే తుఫాను భయం. "కోత లేదంటన్నారేంటర్రా?" అని రైతులు గుండెలు బాదుకుంటూ రోడ్డెక్కారు. సంగతి తెలిశాక నవ్వుకున్నారు గానీ, మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. చేయించుకున్నోడి చేలో కోత ఉండదట, నడుం పడిపోద్దట.

"కౌలు చేసుకునేవోణ్ణి, నడుం పోతే ఎలాగే? ఆడోళ్ళకైతే అందరికీ చేత్తన్నారుగా" అన్నాడు అచ్చిబాబు, ఇనుం అలిగిన రోజు సాయంత్రం.

"వెళ్తాన్లెండి" అంది దుర్గ. రాత్రి నిద్రపోతున్న పిల్లల తలలు నిమురుతూ ఏడ్చింది.

మర్నాడు కొడవలి పనిచేయక అచ్చిబాబుకి చేలో పని లేకపోయింది. సంతకానికి భర్త రావాలన్నారు కూడాను. సూరమ్మతో కలిసి ముగ్గురూ బయల్దేరారు.

దుర్గ బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకుంది. పొట్ట మీద చల్లగా ఏదో తగిలి, జారిపోయింది. డాక్టరుగారు కత్తి మార్చారు. అదీ జారింది. ఆస్పత్రి ఇనుముకీ కబురందినట్టుంది. ఆయన చేతులు కడుక్కుని బయటికొచ్చారు.

"వెంకటదుర్గ తాలూకు ఎవరండీ? ఆమెకి కోత లేదు. ఇనుం ఒప్పుకోవడం లేదు."

"రేపు తీసుకురమ్మంటారా అండి?" అన్నాడు అచ్చిబాబు.

"ఎప్పుడు తెచ్చినా ఇంతే. మీరైతే ఇప్పుడే రావచ్చు. మీకు కత్తితో పనే లేదు."

పెళ్ళాల్ని లోపలికి పంపి అరుగు మీద బీడీలు కాలుస్తున్న మగాళ్ళందరూ అచ్చిబాబు వైపు చూశారు. అతను తల్లి వైపు చూశాడు.

"నాకు చేసినప్పుడు ఇనుం అలగలేదురా" అంది సూరమ్మ, నడుం మీద చెయ్యేసుకుని. "అలిగుంటే బాగుణ్ణు. ఈ నడుంనొప్పితో ఇన్నేళ్ళు... మీ నాన్న ఇదే అరుగు మీద కూర్చుని టీ తాగాడు. నువ్వు లోపలికెళ్ళు."

అచ్చిబాబు లోపలికెళ్ళాడు. దుర్గ బయటికొచ్చి మగాళ్ళ పక్కన, అతను లేచిన చోట కూర్చుంది. ఆయనకేమన్నా అయితే పిల్లల గతేంటని పెనుగొండ అమ్మవారికి మొక్కుకోబోయింది. మొక్కు పూర్తి కాకుండానే అచ్చిబాబు తన కాళ్ళ మీద తనే నడిచొచ్చాడు. సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఇంతేనే! చీమ కుట్టినట్టుంది."

దుర్గ అతని మొహంలోకి చూసింది. వాంతులు, నెలల తరబడి పోయిన రక్తం, నిన్న రాత్రి పిల్లల తలలు నిమురుతూ ఏడ్చిన ఏడుపు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. బావురుమంది.

"ఇంతదానికేనా అండీ, నన్ను చావమన్నారు?"

అచ్చిబాబు ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, అలాగే నిలబడ్డాడు.