గాజు మూత, ఫణి ముక్క

ఆ ఉదయం చంద్రభాగ మగ్గాల షెడ్డు గడప దగ్గర దూది పొట్టుతో పాటు ఒక చేపను ఊడ్చింది. ముందు అదేదో నారింజ రంగు టవల్ అంచు ముక్క అనుకుంది. చేత్తో పట్టుకుంటే గానీ చేపని తెలియలేదు. తెలిశాక మాత్రం నీలం నగర్ సగానికి వినపడేలా కోడలిని పిలిచింది.

"ఋతుజా, ఇగో సూడు. నీ చేప మల్ల బయట పడ్డది. ఇంట్ల సచ్చిన జీవాన్ని ఊడ్చుడు నాతోని కాదు. ఇంకొకటి గిట్ల పడ్డదంటే ట్యాంకు ఎవరికన్న ఇచ్చేస్త. అప్పుడు అత్త మంచిది కాదనొద్దు."

అత్త చెడ్డది కాదని ఋతుజకు తెలుసు. రోజంతా బీడీలు చుట్టే మనిషి, అన్నమాట అన్నట్టు చేసే మనిషి. ఋతుజ భయమల్లా ఆ రెండో గుణం గురించే. ఇచ్చేస్తానంటే ఇచ్చేస్తుంది, ఇచ్చాక మళ్లీ ఆ ఊసెత్తదు.

పెళ్లయి, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు ఋతుజ 'ఇది నాది' అనుకుని తెచ్చుకున్నది ఆ చేపల తొట్టి ఒక్కటే. అక్కడ టవళ్ల అంచులు కుట్టే మిషను పక్కన ఉండేది. కుట్టి కుట్టి మెడ పట్టేసినప్పుడు తల తిప్పితే నీళ్లలో చేపలు కనిపించేవి. ఇక్కడా మిషను పక్కనే పెట్టుకుంది. కానీ ఇక్కడ గోడకు అవతల మగ్గాలు. ఏ గోడకు జరిపినా అంతే, ఒకవైపు తమ మగ్గాలు, మిగతా వైపుల పక్కింటి వాళ్లవి. కరెంటు పోయి తిరిగి వచ్చిందంటే అన్నీ ఒక్కసారే లేస్తాయి. గోడ అదురుతుంది, బల్ల అదురుతుంది, కత్తిలాంటి తోకలున్న ఆ చేపలు బెదిరి పైకి ఎగురుతాయి. ఎవరో వాడి అమ్మేసిన తొట్టి కాబట్టి దానికి మూత రాలేదు.

మొదట ఇంటిల్లిపాదికీ ఒకే ఉపాయం తోచింది. టవల్ కప్పారు. టవళ్లు నేసి బతికే ఇంట్లో ఇంకేం తోస్తుంది? ఆ టవల్ ఒక కొస నీళ్లలో, ఒక కొస బయట వేలాడేసుకుని తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు చాలా మటుకు నేల మీదికి దించేసింది. నీళ్లు బాగా పీల్చే టవల్ అని సంతోషించాలో ఏడవాలో ఎవరికీ అర్థం కాలేదు. ఋతుజ మొగుడు వీరేష్ చేపల దుకాణానికి వెళ్లి తయారుగా దొరికే మూత ధర అడిగి వచ్చాడు. ఎంతట అని పెళ్లాం అడిగితే నవ్వి, మనకు అందే ధర కాదన్నాడు.

అప్పటి నుంచి కరెంటు పోయిన ప్రతిసారీ ఋతుజ కుట్టడం ఆపి, వంటింట్లోని పెద్ద పళ్లెం తెచ్చి తొట్టి మీద పట్టుకుని నిలబడేది. మగ్గాలు వేగం అందుకున్నాక కాసేపాగి తీసేది. ఆ ఉదయం పాలకు వెళ్లి వచ్చేలోపు కరెంటు వచ్చేసింది. ఇక మిగిలినవి రెండు చేపలు.

చంద్రభాగ కేకలన్నీ వింటున్నట్టే కూర్చున్న మామ నరసయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. వినడం అంటే పేరుకే. ఏళ్ల తరబడి మగ్గాల మోతలో పనిచేసి ఆయన చెవులు చాలా వరకు పోయాయి. దానికి తోడు ఆ ఇంట్లో మామ కోడలితో నేరుగా మాట్లాడడు. కోపం కాదు, పాత మర్యాద. టీ కావాలంటే, ఋతుజ గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నా సరే, భార్య వైపు తిరిగి "టీ ఉన్నదా అడుగు" అంటాడు. ఋతుజ జవాబును మళ్లీ చంద్రభాగే ఆయన చెవిలో అరిచి చెప్పాలి. ఇంట్లో టపా బట్వాడా అంతా ఆమెదే.

"గాజు మూత జేస్తనని చెప్పు" అన్నాడు నరసయ్య భార్యతో. "వెలుతురు రావాలె గదా చేపలకు."

"నీకు గాజు పనేం తెలుసు?" అంది చంద్రభాగ. ఆ ప్రశ్న ఆయనకు వినపడలేదు, లేదా వినదలుచుకోలేదు.

అటక మీద పాత షోకేసు తలుపు అద్దం ఒకటి పడి ఉంది. నరసయ్య దాన్ని దించి తుడిచి, నూలు పోగు తీసుకుని తొట్టిని కొలిచాడు. తొట్టి లోపలి అంచున చుట్టూ సన్నని మెట్టు ఉంది, మూత అందులో కూర్చోవాలి. ఆయన పోగు పరిచి, గోటితో నొక్కి, ముడి వేశాడు. ఆ వేళ్ల నిదానం చూస్తుంటే ఋతుజకు సగం మూత అప్పుడే వచ్చేసినట్టు అనిపించింది. అశోక్ చౌక్‌లో గాజు కోసే మంగేశ్ దగ్గర ఆ ముడుల ప్రకారం కోయించి తెచ్చాడు.

తెచ్చి పెడితే మూత దిగలేదు. వెడల్పు సరిగ్గా ఉంది. నిడివి అర వేలు ఎక్కువైంది.

నరసయ్య పోగు తీసి మళ్లీ కొలిచాడు. ముడి దగ్గర ఆగి, తన చేతిని తనే చూసుకున్నాడు. టవల్ ఉతికితే నిడివి తగ్గుతుంది. అందుకని మగ్గం మీద కొంచెం కలిపి నేస్తారు. పన్నా, అంటే వెడల్పు, మగ్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాని జోలికి పోరు. ఇన్నేళ్లుగా నిడివికి కలుపుతూ వచ్చిన చెయ్యి, గాజుకు కూడా కలిపేసింది.

"టవల్ లెక్క కొలిచిన" అన్నాడు మెల్లగా, ఎవరితోనో తెలియకుండా.

"బాపు, ఒకసారి ఉతికి ఆరేద్దాం, తగ్గుతదేమో" అన్నాడు వీరేష్. చంద్రభాగ ఆ ఒక్క మాటను మాత్రం భర్త చెవికి చేర్చలేదు. కొడుకు వైపు చూసిన చూపుకు వాడు షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఋతుజకు కూడా నవ్వు రాలేదు. తన చేప కోసం మామ అంతమందిలో తల దించుకోవడం ఆమెకు బాధ అనిపించింది.

మంగేశ్ దగ్గరికి మళ్లీ వెళ్లారు తండ్రీ కొడుకులు. అక్కడ జరిగింది వీరేష్ వచ్చి చెప్పాడు.

"గంత సన్న పట్టీ కొయ్యరాదంట. కాచ్ పగుల్తది, గ్యారంటీ నాహీ అన్నడు. నాలుగు వేళ్ల వెడల్పు ఉంటే బిందాస్ కోస్తడట. కానీ నాలుగు వేళ్లు తీస్తే మూతకు సందు పడుతది, అండ్లకెల్లి చేప దుంకుతది. ఇగ లాభం లేదు అనుకున్న. బాపు ఏమో జరసేపు సోంచాయించి, కొయ్యి అన్నడు."

నరసయ్య ఆ మాటలేవీ పట్టించుకోకుండా నేరుగా షెడ్డులోకి వెళ్లాడు. మూలన పాత సామాను కదిపిన చప్పుడైంది. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో వాడి పడేసిన ఫణి ఉంది. మగ్గం మీద పడుగు దారాలు ఒకదాన్నొకటి తాకకుండా విడదీసి పట్టుకునే ఉక్కు దువ్వెన అది. రెండు పట్టీల మధ్య సన్నని రేకులు, రేకుకూ రేకుకూ మధ్య దారం దూరేటంత సందు. పట్టీ నుంచి పట్టీకి నాలుగు వేళ్లకు అర వేలు తక్కువ. నాలుగు వేళ్లు అని మంగేశ్ అనగానే ఆయనకు గుర్తొచ్చింది ఇదే. అందులోనూ తుప్పు పట్టని రకం వెతికి తెచ్చాడు.

దాన్ని తొట్టి వెడల్పుకు కోసి, కొసలు ఆకురాయితో రాసి, మెట్టు మీద సందులో ఆనించాడు. ఒక మూల నాలుగు రేకులు ఊడదీస్తే గాలి పంపు గొట్టం అందులోంచి లోపలికి దిగింది. ఫణి పక్కన గాజు వచ్చి చక్కగా కూర్చుంది. ఒక పక్క వెలుతురు, ఒక పక్క గాలి. మేత పొడి వేస్తే రేకుల మధ్య నుంచి జారి నీళ్లలో పడుతుంది, మూత ఎత్తే పనే లేదు. ఎగిరొచ్చే దూది పొట్టు రేకుల మీద ఆగుతుంది, బ్రష్షుతో దులిపేయవచ్చు. కోసి తీసేసిన గాజులోంచి చిన్న తునకను అంటించి పిడి కూడా చేశాడు. ఋతుజ వేళ్లు తెగుతాయేమోనని గాజు అంచులను తడిపి తడిపి రాయి మీద నూరాడు. ఆ మధ్యాహ్నమంతా అదే పని.

ఋతుజ మిషను ఆపి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎంత తెలివి ఈ మనిషిది అనుకుంది. పొద్దున చేసిన తప్పును దాచుకోలేదు, గాజు మీద చిరాకు పడలేదు, ఆ తప్పులోంచే చేపలకు గాలి వచ్చే దారి తీశాడు. ఆ ఇంటికి కోడలిగా వచ్చినందుకు ఆమెకు మొదటిసారి గర్వం కలిగింది. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించింది. అత్త నోటి మీదుగా చెప్పించడం కుదిరే మాట కాదది.

సాయంత్రం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగి, వీధి వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అలవాటుగా ఋతుజ పళ్లెం కోసం లేచి, మళ్లీ కూర్చుంది. చంద్రభాగ ఒళ్లో చాట, అందులో ఆకు, తంబాకు. చుడుతున్న బీడీ వేళ్ల మధ్యే ఆపి తొట్టి వైపు చూసింది. ఇచ్చేస్తానన్న మాట అందరికీ గుర్తుంది. నరసయ్య వచ్చి తొట్టి ముందు చతికిలబడ్డాడు.

కరెంటు వచ్చింది. గోడ అవతల మగ్గాలన్నీ ఒకేసారి లేచాయి. బల్ల వణికింది, నీళ్లు వణికాయి. రెండింటిలో పెద్ద చేప ఒక్క ఊపున పైకి లేచింది.

టక్కుమంది.

నరసయ్య కళ్లు చేపను అందుకోలేకపోయాయి. చెవులా, అవి లేనే లేవు. ఆయన గాజు మీద చెయ్యి వేసి చటుక్కున తల తిప్పాడు. చంద్రభాగ అవతల ఉంది. ఆయన ఋతుజ మొహంలోకే చూశాడు.

"గాజుకు తాకిందా బిడ్డా? సప్పుడచ్చిందా?"

టపా అందుకోవడానికి తెరిచిన నోరు చంద్రభాగ అలాగే మూసుకుంది.

ఋతుజ వంగి, ఆయన చెవి దగ్గరగా, మగ్గాల మోతను మించి గట్టిగా చెప్పింది. "తాకింది మామా. మల్ల నీళ్లల్లనే పడ్డది. మంచిగున్నది."

ఆ మాట ఆయనకు వినపడింది. తల ఊపి, గాజు మీద తన వేలిముద్ర పడితే పంచె కొంగుతో తుడిచాడు. చంద్రభాగ బీడీల చాట ఎత్తుకుని లేచి, తొట్టి పక్కకు వచ్చి కూర్చుని, మిగిలిన ఆకు చుట్టడం మొదలుపెట్టింది.