ముక్కుకు సరిపోయే బరక

జూన్ తొమ్మిది. మెల్బోర్న్‌లో చలికాలం. ఆ పొద్దున ఎలీజియో తిన్నది ముందురోజు మిగిలిన మొక్కజొన్న సంకటి. అక్క నోరీనా దాన్ని ముక్కలుగా కోసి, పెనం మీద ఎర్రగా కాల్చి పెట్టింది.

"వెల్లుల్లి ఎలా ఉందిరా?"

"ఘుమఘుమలాడుతోంది."

"వెయ్యలేదు. ఇంట్లో లేదు," అంది ఆమె.

అతను నవ్వేసి, మఫ్లరు చుట్టుకుని, సిడ్నీ రోడ్డు ట్రాము ఎక్కాడు. కుర్రతనంలో మేజోళ్ల ఫ్యాక్టరీ రంగుల గదిలో పనిచేసినప్పుడే, ఆ ఘాటుకు, అతని ముక్కుకు వాసన తెలియడం పోయింది. ఆ సంగతి అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని ఎవరిస్తారు? ఇంట్లో ఎస్ప్రెస్సో చేసుకునే మిషన్లు అమ్మే దుకాణం అది. బల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్లకు కాఫీ తీసి చూపించడం అతని పని.

పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగాయి. గోళ్ల చుట్టూ ఎంత కడిగినా పోని గోధుమ మరక. కాఫీ బాగా దిగిందో లేదో ధార రంగు చూసి చెప్పేవాడు, మిషను మూలుగు విని చెప్పేవాడు, పొడిని వేళ్ల మధ్య నలిపి చెప్పేవాడు. కొనేవాళ్లంతా ఒకే పొరపాటు చేసేవారు. మెరిసే మిషనుకు డబ్బంతా పోసి, గింజలు పొడి చేసే గ్రైండరు దగ్గర పిసినారితనం చూపేవారు. "ముందు గ్రైండరు, తర్వాతే మిషను. పొడి మెత్తగా, ఒకే తీరుగా ఉండాలి," అని రోజూ చెప్పేవాడు. వాళ్లు తలూపి మిషనే కొనేవారు.

వాన వెలిశాక ఒక ముసలామె వచ్చింది. పేరు బెరిల్ అని చెప్పింది. వరుసగా పెట్టిన మిషన్లను దాటుకుంటూ నేరుగా అతని దగ్గరికే నడిచింది.

"వీటిల్లో దేనికి వాసన ఎక్కువొస్తుంది, అబ్బాయ్?"

అరవై ఆరేళ్ల అబ్బాయి తడబడ్డాడు. రుచి అడిగారు, నురగ అడిగారు, ధర అడిగారు. ఇది మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఎంతమందికమ్మా?"

"మా ఆయన ఒక్కడికే. తాగడులే. మింగలేడు. నర్సు తడి స్పాంజితో పెదాలు తడుపుతోంది, అంతే." ఆమె గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది. "రెగ్ ఈ రోడ్డు మీదే ట్రాము నడిపాడు. తెల్లారి మూల దుకాణం దగ్గర ఆపి తలుపు తీస్తే కాఫీ వాసన బండి నిండా ఎక్కేదట, టిక్కెట్టు లేకుండా. అది ఇంకొక్కసారి తగిలితే చాలు. ఎక్కువ టైము లేదన్నారు. ఆ పెద్దది తీసుకోనా?"

"మిషనే వద్దమ్మా. వాసన లేచేది గింజ నలిగేటప్పుడు."

ఆ సంగతి అతను ఎదుటివాళ్ల ముఖాల్లో చూసి నేర్చుకున్నదే. పొడి రాలగానే అందరూ ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు.

కరెంటు గ్రైండరు గోలకు రోగి బెదురుతాడు. అందుకని చేత్తో తిప్పేది తీసి గింజలు పోశాడు. ఆమె పిడి పట్టుకుని తిప్పబోయింది. ఎంత లాగినా పిడి కదల్లేదు. అతను మర వదులు చేశాడు. మళ్లీ వదులు చేశాడు. ఈసారి తిరిగింది. పొడి రవ్వలా రాలింది.

"ఇంత బరక ఎస్ప్రెస్సోకు పనికిరాదు," అన్నాడు. "ముక్కుకు సరిపోతుంది."

అన్నాడే గానీ, సరిపోతుందో లేదో అతనికేం తెలుసు? యజమాని కూతుర్ని పిలిచాడు.

"లుయానా, ఇలా రా అమ్మాయ్. వాసన వస్తోందా చూడు. నాకు జలుబు."

"నేను చిన్న గౌన్లు వేసుకునేటప్పటి నుంచీ అదే జలుబు కదా, బాబాయ్," అంది లుయానా. వంగి పీల్చింది. "బ్రహ్మాండంగా ఉంది."

ఎలీజియో చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లుగా ఆమెకు తెలుసన్నమాట. లుయానా ఏమీ ఎరగనట్టు గింజల పొట్లం కట్టి, "మిషను వద్దని పంపే సేల్స్‌మన్ మెల్బోర్న్ మొత్తానికి మా బాబాయొక్కడే," అని బెరిల్‌తో చెప్పింది.

సాయంత్రం పని అయ్యాక అతను బెరిల్ ఇంటికి నడిచాడు. పిడి మళ్లీ బిగుసుకుందేమో చూసి వెళతానని ఆమెకు ముందే మాటిచ్చాడు. ఆమె తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. తానే గడప దాటి అరుగు మీదికి వచ్చింది.

"బాగానే తిరిగింది," అంది. "చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టాను. రెగ్ కనుబొమ్మ ఎత్తాడు. ఎవరైనా ట్రాము కోసం పరిగెత్తుకొస్తుంటే అలాగే ఎత్తేవాడు, ఆగనా అన్నట్టు. మళ్లీ తిప్పాను. ఈసారి ఎత్తలేదు. ఇక ఎత్తడు."

ఎలీజియో టోపీ తీశాడు.

"మా చెల్లెలు వస్తోందిలే," అంది బెరిల్. "ఇల్లంతా ఇంకా ఆ వాసనే. ఇక్కడికీ వస్తోంది, చూడు."

"నాకు తెలీదమ్మా. నా ముక్కు ఎప్పుడో పోయింది."

అంత తేలిగ్గా అనేయగలనని అతను అనుకోలేదు. ఆమె అతని పక్కకు జరిగింది.

"అయితే నేను చెప్తా విను. మొదట అంచు మాడిన రొట్టెలా ఉంటుంది. దాని అడుగున తడిసిన ఉన్ని కోటు. వాన రోజు డ్యూటీ దిగొచ్చి పొయ్యి దగ్గర ఆరేసిన కోటు. చివర్లో కాస్త తీపి. ఎక్కడిదో తెలీదు."

అతను కళ్లు మూసుకుని విన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి, పడుకున్నవాళ్లను లేపకూడదన్నట్టు, గడియ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. కిటికీ తెర సందులోంచి మంచం పక్కన బల్ల కనిపిస్తోంది. దాని మీద ఒక సాసరు, అందులో బరక పొడి, పొడి నడుమ చిటికెడు తీసిన చోట చిన్న గుంట.