తమ్ముడి ఆట పెట్టె

ఆ శనివారం అతను చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. ఇస్త్రీకిచ్చిన చొక్కాలు తెచ్చుకోవాలి. వంటగది కుళాయికి వాషర్ మార్పించాలి. ఇంటర్నెట్ వైరు హాల్లోకి లాగమని ఆ కంపెనీవాళ్ళకి ఇంకోసారి గుర్తుచేయాలి. టీవీ మీద దుమ్ము తుడవాలి, అసలది వెలుగుతుందో లేదో చూడాలి. షాపుకి వెళ్ళి గేమ్ కన్సోల్ కొనాలి. తమ్ముడికి ఫోన్ చేయాలి.

చివరిది తప్ప మిగతావన్నీ సులువైన పనులే.

అతను ఒక పెద్ద ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. పగలంతా మనుషుల మధ్యే ఉంటాడు కానీ వాళ్ళతో అనేది మూడే ముక్కలు: "ఊపిరి బాగా పీల్చండి. బిగపట్టండి. ఇక వదలండి." గాజు కిటికీ వెనక నిలబడి మీట నొక్కుతాడు. ఎవరి పక్కటెముక ఎక్కడ చిట్లిందో చెప్పగలడు కానీ, వాళ్ళే మర్నాడు బజార్లో ఎదురైతే గుర్తుపట్టలేడు. సాయంత్రం ఇంటికొచ్చి, తాళం తీసి, లైటు వేశాడంటే ఆ రోజుకి అతని మాటలు అయిపోయినట్టే.

తమ్ముడు వేరే ఊళ్ళో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఇద్దరినీ పెంచింది మేనత్త. తల్లీతండ్రీ పోయేనాటికి పెద్దవాడికి పదేళ్ళు, చిన్నవాడు ఇంకా చంకదిగలేదు. అత్త ఒక ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టే పనిచేసేది. పెళ్ళి చేసుకోమని ఎవరైనా అంటే, "నాకు రెడీమేడ్‌గా ఇద్దరున్నారు, మళ్ళీ కుట్టించుకోవడం ఎందుకు?" అని నవ్వేసేది.

ఆ ఇంట్లో ఒక అలవాటుండేది. అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. అన్నదమ్ములిద్దరూ సూటిగా మాట్లాడుకునేవారు కాదు. పెద్దవాడు పుస్తకంలోంచి తలెత్తకుండా, "అత్తా, వాణ్ణి రేడియో తగ్గించమను" అనేవాడు. రేడియో పక్కనే ఉన్న చిన్నవాడికి ఆ మాట స్పష్టంగా వినపడేది. అయినా అత్త వచ్చి, "అన్నయ్య చదువుకుంటున్నాడు నాన్నా, కాస్త తగ్గించు" అన్నాకే తగ్గించేవాడు. పోట్లాట ఉండి కాదు. వయసు తేడా ఎక్కువ, ఇద్దరికీ మొహమాటం ఎక్కువ, మధ్యలో అత్త ఉంది. అవసరం పడలేదు.

ఉద్యోగాలొచ్చి చెరో ఊరు చేరాక అదే ఏర్పాటు ఫోనులోకి మారింది. అత్త ఆదివారం ఇద్దరికీ ఫోన్ చేసి ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి చేరవేసేది. "ఒరే పెద్దోడా, చిన్నోడు నిన్ను తెగ అడిగాడురా. ఒక్కడే ఉంటాడు, వేళకి తింటున్నాడో లేదో అని వాడికి ఒకటే దిగులు." ఆ మాట చాలు, అతనికి వారమంతా గడిచిపోయేది.

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం అత్త, "చిన్నోడు ఏదో ఆట పెట్టె కొంటాడట. నల్లదొకటి, తెల్లదొకటి ఉన్నాయట కదా? ఏది మంచిదో అన్నయ్యని అడిగి చెప్పమన్నాడు" అంది. అతను జీవితంలో ఆట ముట్టుకున్నవాడు కాదు. అయినా తమ్ముడు అడిగాడు కాబట్టి పరీక్షకి చదివినట్టు చదివాడు. దేని మెమరీ ఎంత, దేని బొమ్మ తేటగా ఉంటుంది, ఏది వేడెక్కుతుంది అన్నీ చూసి, మరుసటి ఆదివారం తెల్లది కొనమని తేల్చి చెప్పాడు. ఆపై వారం అత్త కబురు తెచ్చింది: "నువ్వు చెప్పిందే కొన్నాడురా. అన్నయ్య మాటంటే మాటే అన్నాడు."

కిందటి వానాకాలంలో అత్త పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే.

ఆ తర్వాత అన్నదమ్ముల ఫోన్లు ఇలా సాగాయి.

"తిన్నావా?"

"తిన్నా. నువ్వు?"

"తిన్నా. డ్యూటీ ఉందా?"

"ఉంది."

"సరే అయితే."

"సరే."

ఒకరోజు అతను ఫోన్ చేసేసరికి అవతల గోలగా ఉంది. "ఆడుతున్నా అన్నయ్యా, తర్వాత చేస్తా" అన్నాడు తమ్ముడు. వెనక స్పీకర్లోంచి ఎవరో, "ఒరేయ్ డ్రైవరూ, వెనక చూసుకోరా, అయిపోయావ్!" అని అరిచారు. తమ్ముడు పగలబడి నవ్వాడు. ఫోన్ కట్టయింది. తర్వాత చేస్తానన్నవాడు చేయలేదు. అతని చెవుల్లో మాత్రం ఆ నవ్వే ఉండిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి వినపడే నవ్వు తనకి వినపడకపోవడమేమిటి? ఆ ఆటలోకి తనూ వెళ్తే? ఏ పెట్టె కొనాలన్న బెంగ కూడా లేదు, అది తను ఎంచిందే కదా!

ఈ సంగతి ముందు పసిగట్టింది ఎక్స్‌రే గది నర్సు. "ఏంటి సార్, ఫోన్లో అంత దీక్షగా చూస్తున్నారు?"

"గేమ్ కన్సోల్ సిస్టర్. కొందామని."

"ఎవరికి? మీకా? తుమ్మాలన్నా రూలు చూసుకునే మనిషి, మీరేం ఆడతారు సార్?"

"నేర్చుకుంటా."

"నేర్చుకోండి. ఆటలో బొమ్మని ఎగరమనాల్సిన చోట మాత్రం ఊపిరి బిగపట్టమనకండి, పాపం చస్తుంది."

షాపులో అమ్మకాలు చూసే అమ్మాయి ఓపికగా రెండు రకాలూ బల్ల మీద పెట్టింది. "ఒంటరిగా ఆడతారా సార్, ఎవరితోనైనా కలిసా?"

"మా తమ్ముడితో. వాడు వేరే ఊళ్ళో ఉంటాడు."

"అయితే ముందు ఆయన దగ్గర ఏదుందో చూసుకోవాలి సార్. చాలా ఆటల్లో దీన్లో ఆడేవాళ్ళు దాన్లో ఆడేవాళ్ళతో కలవలేరు. ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి."

"అక్కర్లేదమ్మా. వాడికి ఎంచిపెట్టింది నేనే." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం ధ్వనించింది. తెల్లది ఇప్పించుకుని బయటికొచ్చాడు.

ఇంట్లో అంతా బిగించేసరికి సాయంత్రమైంది. తెర మీద నీలం వెలుగు పరుచుకుంది. తన పేరు టైపు చేసుకుని, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ అందుకున్నాడు.

"చిన్నోడా, నేనూ ఒకటి కొన్నానురా."

"ఏంటి అన్నయ్యా?"

"గేమ్ కన్సోల్. నీ దగ్గరున్నదే, తెల్లది. ఇందులో నిన్నెలా వెతకాలో చెప్పు."

"నువ్వా? కన్సోలా?" అని, ఆ తర్వాత, "నాది నల్లది కదన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"నల్లదేంటి? నేను కొనమన్నది తెల్లది."

"ఎవరికి చెప్పావ్?"

"అత్తకి. నన్నడిగి చెప్పమన్నావటగా?"

"నేనెందుకు అడుగుతా? నీకు వాటి గురించి ఏం తెలుసని?" అందులో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "కొంటానని అత్తతో అన్నానంతే. 'అన్నయ్య నిన్నే చూసి ఎంచుకోమన్నాడు, వాడికి నీ మీద ఎంత నమ్మకమో' అంది. ఆ మాటకే నేను ఎగిరి గంతేశా."

అతను నెమ్మదిగా గోడకి చేరగిలబడ్డాడు. తమ్ముడి విషయంలో నమ్మకం అనే మాట తను ఎన్నడూ అని ఎరగడు.

"అయినా నువ్వు ఎప్పుడూ అంతే కదన్నయ్యా," తమ్ముడు అందుకున్నాడు. "పైకి అనవు గానీ నీకన్నీ పట్టింపే. చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే హాస్టల్ నుంచి రోజూ ఫోన్ చేసి, కళ్ళ పచ్చదనం తగ్గిందా అని అడిగేవాడివట. మంచంలో పడుండి నేను దానికోసమే ఎదురుచూసేవాణ్ణి, ఇవాళ అన్నయ్య ఏమన్నాడు అని."

ఆ కామెర్ల సంగతి అతనికి ఇప్పటిదాకా తెలియదు.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. అత్త అయితే తడుముకోకుండా అనేసేది. కానీ అలా అంటే ఆ మంచం మీది పసివాణ్ణి ఇంకోసారి మోసం చేసినట్టనిపించింది.

"చిన్నోడా, నీకు కామెర్లొచ్చాయని నాకెవరూ చెప్పలేదురా."

అవతల గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"చెప్పొద్దన్నది నేనేలే," అన్నాడు చివరికి. "నీకు పరీక్షలని. ఎలాగూ చెప్పేస్తుందనుకున్నా." ఆ వెంటనే, "మరి నా గురించి నీకేం చెప్పేది?" అని అడిగాడు.

"నా డిగ్రీ ఫలితాలొచ్చిన రోజు నువ్వు వీధి వీధంతా తిరిగి, మా అన్నయ్య పాసయ్యాడని చాటింపు వేశావని."

"నేనా! ఓరి దేవుడా! పొద్దుగూకేదాకా నాకసలు తెలిస్తేగా? తెలిశాక, ఇక బతికినన్నాళ్ళూ నీతో పోల్చి నన్ను తిడతారని గోడ చాటున కూర్చుని ఏడ్చా."

అతనికి నవ్వొచ్చింది. తమ్ముడూ నవ్వాడు. మొన్న ఫోన్లో విన్న నవ్వే. అయితే అది ఎక్కువసేపు నిలవలేదు, ఇద్దరికీ ఒకేసారి ఏదో తట్టినట్టు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తన గురించి దిగులుపడ్డ తమ్ముణ్ణి, తన మాట జవదాటని తమ్ముణ్ణి అత్తే వారంవారం తయారుచేసి పంపింది. అక్కడ తమ్ముడికీ అలాంటి అన్నయ్యే అందుతూ వచ్చాడు. ఆ ఇద్దరూ ఆమెతోపాటే వెళ్ళిపోయారు. మిగిలిన ఈ ఇద్దరికీ పరిచయమే సరిగా లేదు.

"ఆ తెల్లదాన్నేం చేస్తావ్?" తమ్ముడడిగాడు.

"నువ్వే చెప్పు."

"మేమాడేది నల్లదాన్లోనే ఉంటుంది. నాతో ఆడాలంటే మార్చుకోవాలి." గొంతు సవరించుకున్నాడు. "నాతో ఆడాలనేగా కొన్నావ్?"

ఇంతకాలంలో వాళ్ళలో ఒకరు ఇంకొకర్ని ఇంత సూటిగా ఏదీ అడగలేదు.

"అవునురా," అన్నాడతను.

మర్నాడు షాపు తలుపులు తీసే వేళకే పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి చూడగానే గ్రహించింది, అయినా 'నేను చెప్పలేదా' అనలేదు. "తెరిచిన పెట్టె కదా, మా మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. మీరేం పట్టించుకోకండి. కారణమేం రాయను సార్?"

అతను పెట్టెని బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

"రంగు నచ్చలేదని రాసేస్తాలెండి," అందామె.

ఆ సాయంత్రం అతను మొదటిసారి తమ్ముడి ఆటలో అడుగుపెట్టాడు. ముగ్గురు నలుగురు కలిసి ఒక పాడుబడ్డ కోటలోకి చొరబడాలి. అతని బొమ్మ వెళ్ళి గోడకి ఢీకొట్టింది. తిప్పితే ఇంకో గోడకి కొట్టుకుంది.

"ఒరేయ్ డ్రైవరూ, ఎవర్రా ఈ శాల్తీ? ఎటు పొమ్మంటే అటు గోడే!" అని ఎవరో అరిచారు.

"మా అన్నయ్యరా. నోరు అదుపులో పెట్టుకో."

"అయ్యో, అన్నగారా! ఆ గోడ మీకేం ద్రోహం చేసిందండీ?"

అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. వాళ్ళు ఒక్కొక్కరే సెలవు తీసుకుని వెళ్ళిపోయాక కోట బయట రెండు బొమ్మలే మిగిలాయి. అవి పక్కపక్కన నిలబడ్డాయి. ఆటలో గాలి వీస్తోంది, గడ్డి కదులుతోంది.

"ఇంకేంటన్నయ్యా?"

"ఏముందిరా. నువ్వు చెప్పు."

ఇద్దరికీ చెప్పాలనే ఉంది. ఒకరు మొదలుపెడతారేమోనని ఇంకొకరు ఆగారు. అలవాటు లేని పని, చేతకాలేదు. కాసేపటికి తమ్ముడు, "పొద్దున్నే షిఫ్టు. రేపొస్తావా?" అన్నాడు. "వస్తా" అన్నాడతను. పక్కనున్న బొమ్మ మాయమైంది. అతను తెర ఆర్పకుండా ఆ ఖాళీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇది చదివినవాళ్ళని కోరేది ఒక్కటే. ఆ అన్నదమ్ములు ఎలాగో తంటాలు పడతారు, వాళ్ళ సంగతి వదిలేయండి. అనని మాటల్ని అన్నట్టుగా చెప్పి ఇద్దరు పిల్లలకి ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టించిన మనిషి, లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టిన ఆ అత్త, ఆమెను గుర్తుపెట్టుకోండి. ఆమెకి కడుపున పుట్టినవాళ్ళు లేరు. తలుచుకునేవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరికీ మాటలు తక్కువ.