ముగ్గురు తిప్పిన ముల్లు

నేను ఒక గోడగడియారాన్ని. తాళంచెవితో నడిచేదాన్ని. నన్ను చేసిన మేస్త్రి చివరి మర బిగించి, చెవి దగ్గర పెట్టుకుని విని, పసిపాపను చూసినట్టు నవ్వాడు. కొన్నాళ్లు ఒక డాక్టరుగారి ఇంట్లో ఉన్నాను. ఆయన ఊరు మారుతూ నన్ను బొబ్బిలిలో ఒక సర్కారు ఆఫీసుకి ఇచ్చేశారు.

అక్కడ నా మాటే వేదం. చేతికి వాచీలున్నా అందరూ నన్నే చూడాలని సూపరింటెండెంటు పట్టాభిగారి ఆజ్ఞ. నాలో పదీ పది దాటితే హాజరుపట్టీలో ఎర్రగీత.

కొత్త గుమాస్తా భార్గవికి నాలుగు నెలల బాబు. పాలిచ్చి, పక్కింటావిడకు అప్పగించి, బస్సెక్కి వచ్చేసరికి అప్పుడప్పుడూ గీత పడేది. ఇంకొక్కటి పడితే ఉద్యోగం ఖాయం చేసేది లేదని మెమో ఇచ్చారు.

ఒక వానపొద్దున ఆమె బస్సు రాలేదు. అటెండరు అప్పలకొండ అటూ ఇటూ చూసి, స్టూలెక్కి, నా ముల్లును పది నిమిషాలు వెనక్కి తిప్పి, ఏమీ ఎరగనట్టు కుండలో నీళ్లు నింపడానికి పోయాడు. ఆ వెంటనే టైపిస్టు కామేశ్వరి కొంగు దోపుకుని స్టూలెక్కింది. ఇంకో పది. ఆమె అటు వెళ్లగానే హెడ్ క్లర్కు సోమయాజులుగారు, మోకాళ్ల నొప్పుల మనిషి, మూలుగుతూనే ఎక్కారు. మరో పది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకేమో ఒకటే చక్కిలిగింతలు!

తడుస్తూ పరుగెత్తుకొచ్చిన భార్గవి నన్ను చూసి ఆగిపోయింది. "తొమ్మిదీ యాభై ఐదేనా? అబ్బే, ఇది తప్పు" అంటూ సరిచేయడానికి తనే స్టూలెక్కింది. పిచ్చితల్లి!

"ముట్టుకోకమ్మా!" మూడు గొంతులు ఒక్కసారే అరిచాయి.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నాను పది నిమిసాలే తిప్పినానండి బాబూ" అన్నాడు అప్పలకొండ.

"అయ్యో, నేనూ పదే!" అంది కామేశ్వరి.

సోమయాజులుగారు గొంతు సవరించుకున్నారు. "ముందే చెప్పి ఏడిస్తే నా మోకాళ్లు మిగిలేవి కదర్రా."

ఆ నవ్వులు ఆగకముందే పట్టాభిగారు ఎర్రకలంతో గుమ్మంలో నిలబడ్డారు. ఆయన్ని చూసిన భయమో, ముగ్గురూ తిప్పిన తిప్పుడో, నా లోపల ఏదో టక్కుమంది. ఆగిపోయాను.

ఆయన నన్ను చూశారు. నీళ్లు కారుతున్న భార్గవిని చూశారు. తన వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నారు.

"గడియారం చెడినట్టుందే! ఇక ఎవరు ఆలస్యమో నాకెలా తెలుస్తుంది? సోమయాజులుగారూ, మరమ్మతుకి ఫైలు పెట్టండి."

ఫైలు ఆ సాయంత్రమే ఆయన బల్ల మీదికి చేరింది. అక్కడే ఉండిపోయింది. "గడియారం అట్టుకెల్లమంటారా బాబూ?" అని అప్పలకొండ అడిగినప్పుడల్లా, "ఏం తొందరయ్యా? పరిశీలిస్తున్నానుగా" అనేవారు. తొక్కిపెట్టిన ఫైళ్లను చాలా చూశాను గాని, ఇంత ప్రేమగా తొక్కిపెట్టినదాన్ని మరొకటి చూడలేదు.

ఏడాదిన్నరకి భార్గవి ఉద్యోగం ఖాయమైంది. ఆ మర్నాడే నా ఫైలు మీద సంతకం పడింది.

ఇప్పుడు మరమ్మతు కొట్టులో బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. "పాపం, ఏడాదిన్నర పనీపాటా లేకుండా వేలాడిందంట" అని మెకానిక్ నా మీద జాలిపడుతున్నాడు.

నాకు నవ్వొస్తోంది.