సున్నపు గీతల ఇల్లు

నస్పూర్ దగ్గర బొగ్గు గనుల కంపెనీ పాత క్వార్టర్లు కూల్చేసి రెండేళ్లయింది. ఆ ఖాళీ జాగాలో పద్మలత సున్నంతో ఒక ఇల్లు గీసింది. ఆమె పుట్టింది ఆ వరుసలోనే. హైదరాబాద్‌లో ఇళ్లకు ప్లాన్లు గీసే ఉద్యోగం, మధ్యలో కవిత్వం. పాత నక్షా సంపాదించి, అంగుళం తేడా లేకుండా గోడలన్నీ నేల మీదికి దించింది. క్వార్టర్లన్నీ ఒకే నమూనావి కాబట్టి, అక్కడ బతికినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ ఇంట్లో తిరిగినట్టు తిరగాలి. తాను పక్కన నిలబడి ఆ ఇంటి మీద రాసిన కవిత చదువుతుంది. ఇదీ ఆమె అనుకున్న ప్రదర్శన.

సరోజనను ఒప్పించడానికి పద్మలత రెండుసార్లు ఆమె ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. భర్త ఇస్తారి బొగ్గు బాయిలో బండ పడి చనిపోయాక, ఆయన బదులు ఉద్యోగం తనకు రావడంతో సరోజన ఆ వరుసలోని తమ క్వార్టర్‌లోనే ఉండిపోయింది. మొత్తం ఇరవై ఆరేళ్లు. గీతల మధ్య నడవడం ఆమెకు పిల్లల ఆటలా తోచింది. కానీ చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్ల అడుగుతుంటే కాదనలేకపోయింది.

ఆదివారం సాయంత్రం నలభై మంది దాకా చేరారు. ముందు నడిచినవాళ్లు నవ్వుకుంటూ వంటింట్లో కూర్చుని చాయ్ తాగినట్టు నటించారు. సరోజన ముందుగదిలోకి వచ్చి ఆగిపోయింది.

“గింత చిన్నగ లేకుండె బిడ్డా. కొలత తప్పింది.”

పద్మలత టేపు తెచ్చి కొలిచింది. పది అడుగులు, ఎనిమిది అడుగులు. తప్పేమీ లేదు. ఆ గదిలో నలుగురైదుగురు పడుకున్న రోజులున్నాయి.

పద్మలత చదవడం మొదలుపెట్టింది. షిఫ్టు అయిపోయిందని చెప్పే బాయి కూత, ఆ కూత కోసం వాకిట్లో ఎదురుచూసే ఆడమనిషి, అలా సాగింది కవిత. సరోజన వింటున్నట్టు లేదు. గది మధ్యలో నేలను చూస్తోంది.

“గీడనే పండవెట్టిండ్రు,” అంది.

పద్మలత ఆగింది.

“తల దక్షిణం దిక్కు ఉండాలన్నరు. ఆయన పొడుగు మనిషి. గీ దిక్కు బీరువ ఉండె. కాళ్లు పోయి లోపలి తలుపులకు వచ్చినయి. నీళ్లకు పోయేటోళ్లు దాటుకుంట పోతుండ్రు. నా మనసొప్పలే. జర వంకరగ తిప్పుండ్రి అన్న. మొగడు సచ్చినా ఏడుస్తలేదు, జాగ సదురుతుంది అన్నరు.”

గొంతు ఎక్కడా మారలేదు. చేత్తో ఆ మూల నుంచి ఈ మూలకు చూపించి, కుచ్చిళ్లకు అంటిన సున్నం దులుపుకుని బయటికి వచ్చేసింది.

నెల తర్వాత కరీంనగర్‌లో అదే ప్రదర్శన పెడుతున్నానని, వచ్చి ఆ మాటే చెప్పమని పద్మలత అడిగింది. సరోజన ఒప్పుకోలేదు.

“ఒకసారి వచ్చింది, చెప్పిన. మళ్ల మళ్ల చెప్పుడు నాతోని కాదు.”

చూడటానికైతే కొడుకు సాయిచంద్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఒక బడి ఆవరణలో సున్నంతో ఇల్లు గీసి ఉంది. పద్మలత ఆ ఎదురుచూపుల కవిత జోలికి పోలేదు. ముందుగదిలోకి వచ్చి, మూల నుంచి మూలకు వంకరగా పడుకుంది. చాలాసేపు లేవలేదు. జనంలో ఎవరో ముక్కు చీదారు. పద్మలత పొట్టి మనిషి, నిటారుగా పడుకున్నా సరిపోతుందని సరోజనకు అనిపించింది.

తిరుగు బస్సులో సాయిచంద్ అడిగాడు, ఆ రోజు తానెక్కడున్నాడని. అప్పటికి అతనికి ఎనిమిదేళ్లు. చనిపోయిన తండ్రిని చూసినట్టే గుర్తులేదు.

“పక్కింటి లస్మవ్వ దగ్గర ఉంటివి. రానియ్యద్దని నేనే చెప్పిన,” అంది సరోజన. “నిన్ను కూసోవెట్టెటందుకు జాగ లేదనుకున్న.”

సాయిచంద్ కిటికీ వైపు తిరిగాడు. పెద్దపల్లి దాటాక, తల ఏ మూలకు, కాళ్లు ఏ మూలకు అని అడిగాడు. ఆమె ముందు సీటు వెనకున్న రేకు మీద వేలితో గీసి చూపించింది.