అరసున్న కడుపు

మోకాళ్ల మీద వంగి, నిన్నటి ప్రూఫు కాగితాన్ని చేటలా మడిచి, పిల్లి కక్కినదాన్ని అతను నేల మీంచి ఎత్తాడు. పారెయ్యలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదికి దించి, చదివాడు.

ముప్పై ఏళ్లుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్న మనిషి. కంటి ముందుకొచ్చింది ఏదైనా చదవకుండా వదలడం చేతకాదు. నురగ. పసుపు నీళ్లు. నాలుగు తెల్ల వెంట్రుకలు. రాత్రి ఉడికించి పెట్టిన కోడిమాంసం పోగులు. వాటి మధ్యన, చిటికెన వేలి గోరంత, నారింజ రంగు ముక్క ఒకటి.

క్యారెట్టు.

అతను క్యారెట్లు కొనడు, పళ్లకు పడవు. రాతప్రతిలో లేని మాట అచ్చులో ప్రత్యక్షమైతే ఉలిక్కిపడినట్టు ఉలిక్కిపడ్డాడు. ఇది తను రాసింది కాదు. మధ్యలో ఇంకెవరి చెయ్యో పడింది.

ముద్దాయి మాత్రం కుర్చీలో పాత ప్రూఫుల కట్ట మీద ముడుచుకుని పడుకుంది. తెల్లగా, సన్నగా, తోక చివర ముక్కు దాకా వచ్చి అక్కడ కలవకుండా ఆగిపోయింది. ఐదేళ్ల కిందట ఒక వానరోజు కిటికీలోంచి దూకి, ఇదే కట్ట మీద ఇలాగే చుట్టుకుంటే, సగంలో ఆగిన ఆ సున్నాని చూసి అతను దానికి అరసున్న అని పేరు పెట్టాడు. ఉన్నా ఎవరూ పలకరు, తీసేసినా ఎవరూ అడగరు. ఆ ఇంట్లో అతని రూపంలో అలాంటి అక్షరం ఒకటి అప్పటికే కాపురం ఉంటోంది కనుక రెండోదానికి చోటు దొరకడం కష్టం కాలేదు.

నాలుగు నెలలుగా ఇదే వరస. పిల్లికి వాంతి, అతనికి వంతు. పాలు మానిపించాడు. చేప మానిపించాడు. ఇత్తడి గిన్నె తీసి పింగాణీ గిన్నె పెట్టాడు. వెంట్రుకలు మింగుతోందేమోనని రోజూ దువ్వాడు. ఒక నోటుబుక్కులో తేదీ, వేళ, రంగు రాశాడు. కక్కులు మాత్రం ఒక్క పంక్తి తగ్గలేదు.

అతనిది మింగి ఊరుకునే జాతకం. అచ్చాఫీసు ఓనరు కసుర్లు, అన్నగారి ఎత్తిపొడుపులు, తనకు రావలసిన మాటలు, రాకూడని మాటలు, అన్నీ కడుపులో పెట్టుకున్నాడు. దీని కడుపులోనేమో ఏదీ నిలవదు. ఇద్దరికీ చెరొక కడుపు ఇచ్చేటప్పుడు పైవాడు పంపకంలో ఎక్కడో తప్పాడు, ప్రూఫు చూసినవాడు లేడు.

పిల్లిని ఎత్తి చూశాడు. ఉతికి ఆరేసిన చొక్కాని ఎత్తినట్టుంది. మళ్లీ కట్ట మీద పెట్టి, గిన్నెలో ఇంత కోడిమాంసం వేసి, కిటికీ రెక్క రోజూలాగే జానెడు తెరిచి, క్యారెట్టు ముక్కని కాగితంలో పొట్లం కట్టుకుని బయలుదేరాడు.

వీధి చివర పశువుల డాక్టరమ్మ అప్పుడే తలుపులు తీస్తోంది.

"పిల్లి ఏదండీ మాస్టారూ?"

"ఇంట్లో ఉందమ్మా. ప్రూఫు తెచ్చాను."

ఆమె పొట్లం విప్పి చూసింది. నవ్వు ఆపుకోవడానికి దగ్గింది.

"క్యారెట్టు."

"నేను పెట్టలేదు."

"మీరు పెట్టలేదంటే ఇంకెవరో పెడుతున్నారు. ఇప్పుడర్థమైంది. పోయినవారం చూసినప్పుడు దానికి రోగమేం కనపళ్లేదు నాకు. పొట్ట సున్నితం, అంతే. మీ ఇంట్లో తిని, ఇంకో ఇంట్లో తిని, రెండూ కలిపి కక్కుతోంది."

"పునరుక్తి దోషం," అన్నాడు అతను.

"ఏమిటీ?"

"ఏం లేదమ్మా."

"నవ్వులాట కాదు మాస్టారూ. నెలలో ముప్పావు కిలో తగ్గింది. ఇలాగే సాగితే ఈ చలికాలం దాటదు. ఒకే చెయ్యి, ఒకే గిన్నె, ఒకే తిండి. రోజుకి ఐదుసార్లు, రెండేసి చెంచాలు. ఒక్కసారే గిన్నె నింపి పోతే లాభం లేదు. మీరు పగలు ఇంట్లో ఉంటారా?"

ఎనిమిదింటికి వెళితే ఏడింటికి వస్తాడు. ఆ మాట చెప్పకుండా తల ఊపాడు. ఆ ఊపు అవునో కాదో డాక్టరమ్మకి తెలియలేదు, అతనికీ తెలియలేదు.

సున్నితం. అక్షరాలు కూడబలుక్కుంటూ నడిచాడు. అందులో సున్నా ముందే ఉంది. ఐదేళ్లుగా చూస్తూ అదొక్కటీ చదవలేదు.

అచ్చాఫీసులో సిరా వాసన, కాగితం కోసే మిషను చప్పుడు. కంప్యూటరు ముందున్న ఆపరేటరమ్మ తలెత్తకుండానే పలకరించింది.

"పిల్లి మాస్టారూ, మీ ఆవిడ ఎలా ఉంది?"

"కక్కింది."

"ఎంత అదృష్టం! కడుపులో ఉన్నది చెప్పేసే మనిషి ఇంట్లో ఒకరైనా ఉన్నారు."

పిల్లి మాస్టారు అన్న పేరు పిల్లి రాకముందే వచ్చింది. పదకొండేళ్ల కిందట ఒక శుభలేఖలో పెళ్లికి ఎత్వం ఊడి గుడి పడింది, ళకారం లకారమైంది. "మా అమ్మాయి పిల్లికి తప్పక దయచేయండి" అని ఐదొందల కాపీలు. ఒకే మాటలో రెండు తప్పులు, రెండూ అతని కంటి కిందినుంచే పోయాయి. అచ్చులో పెళ్లి పిల్లి అయిన వాళ్ల అమ్మాయికి పెళ్లి అయింది. దిద్దని ఆయనకు పెళ్లి కాలేదు, పిల్లి అయింది.

ఆ రోజు పని సాగలేదు. ఎర్రకలం ప్రూఫు మీద ఉంది గానీ లోపల వేరే కాపీ నడుస్తోంది. రెండో చెయ్యి ఎవరిదో కనుక్కోవాలి. కనుక్కుని చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వద్దని చెప్పని నోరు, కనుక ముందే రాసుకున్నాడు: "అయ్యా, మీరు ఏమీ అనుకోనంటే, ఈ పిల్లి నాది, దయచేసి దానికి మీరేమీ పెట్టవద్దని నా మనవి." చదివాడు. అయ్యా కొట్టేశాడు. అనుకోవడం కొట్టేశాడు. దయ, మనవి రెండూ పోయాయి. సాయంత్రానికి కాగితం మీద రెండు మాటలు మిగిలాయి.

పిల్లి నాది.

"నాకు ఇవాళ కొంచెం పనుందండీ," అని ఓనరుతో చెప్పి ఐదింటికే లేచాడు. ఓనరు గడియారం చూశాడు, తర్వాత అతన్ని చూశాడు, గడియారమే తప్పనుకున్నాడు.

ఇంటి ముందు సామాను వ్యాను ఆగి ఉంది. ఇద్దరు మనుషులు మెట్ల మీంచి కుట్టుమిషను దించుతున్నారు. పైవాటాలో పరుపులు కుట్టే పెద్దావిడ ఉంటుంది. అతనికి ఆవిడ ఐదేళ్లుగా కప్పు మీద మిషను చప్పుడుగానే తెలుసు. మెట్ల మీద కలిసినప్పుడు "బాగున్నారా" అంటుంది, బాగున్నట్టు తల ఊపుతాడు.

ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో మూతబుట్ట. బుట్ట సందులోంచి ఒక తెల్ల చెవి.

అతను ఆగిపోయాడు.

"రండి బాబూ, మిమ్మల్నే అడుగుదామనుకున్నా," అంది ఆవిడ. "మోకాళ్లు ఇంక మెట్లెక్కనివ్వడం లేదు. ఊరికి అవతలి కొసన మా చెల్లెలుంది, మెట్లు లేని ఇల్లు, అక్కడికి పోతున్నా. ఈ దూదిపిల్లని వదలబుద్ధి కావడం లేదు. ఆయన పోయాక నాతో ఇది తప్ప మాట్లాడిందెవరు? కానీ రాత్రిళ్లు ఎక్కడికో పోయి పడుకుంటుంది. ఎవరిదో అయితే దొంగతనం అవుతుంది కదా?"

"ఇది... కక్కుతుందా?"

"అయ్యో, నా దగ్గరికి వస్తున్న ఈ నాలుగు నెలల్లో కక్కని రోజేది! రోజుకో పాతగుడ్డ దీనికే. నా తిండే పడదేమోనని మెత్తగా ఉడకబెట్టి, కంటికి మంచిదని మా ఆయన అనేవాడు, కాస్త క్యారెట్టు కలిపి..." ఆవిడ బుట్ట మూత ఎత్తింది. "ఒకటే అనుమానం బాబూ. దీని వీపు మీద ఎప్పుడు చూసినా ఎర్రమచ్చ. దెబ్బేమో అని తడిగుడ్డ పెట్టి తుడిచేదాన్ని. పోయేది. మర్నాడు మళ్లీ."

అతను ఎర్రసిరా అంటిన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పెట్టుకోవడం ఆవిడ చూసింది.

"ఈ పిల్లి మీది కాదు కదా?" అంది మెల్లగా.

పొద్దుటినుంచి దిద్ది దిద్ది సిద్ధం చేసిన రెండు మాటలూ నాలుక చివర ఉన్నాయి. బుట్టలో పిల్లి అతన్ని చూసి కళ్లు సగం మూసింది. జానెడు తెరిచిన కిటికీ గుర్తొచ్చింది. ఎనిమిది నుంచి ఏడు దాకా ఆ గదిలో ఒక నిండు గిన్నె. ఐదుసార్లు, రెండేసి చెంచాలు. ఒకే చెయ్యి.

చివరి నిమిషంలో ఒక్క అక్షరం దిద్దాడు.

"పిల్లి మీది."

ఆ వెంటనే గబగబా చెప్పుకుపోయాడు, ఇన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ చెప్పనివాడు. "క్యారెట్టు వద్దు. పాలు వద్దు. కోడిమాంసం, ఉప్పు లేకుండా, ఐదు పూటలు, రెండేసి చెంచాలు. వానొస్తే భయపడుతుంది. చెవి వెనక గోకితే పడుకుంటుంది."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"అచ్చులో చదివాను."

వ్యాను మనిషి హారను కొట్టాడు. ఆవిడ లేవబోయి, మళ్లీ కూర్చుని, బుట్ట అతని వైపు జరిపింది.

"ఓసారి తల నిమరండి. ఊరికే."

నిమిరాడు. చెవుల మధ్య, దూదిలాంటి బొచ్చు మీద, బొటనవేలంత ఎర్రమరక పడింది. తుడవబోయాడు.

"ఉండనివ్వండి," అంది ఆవిడ. "ఈసారి కడగనులెండి."

వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి, అలవాటు కొద్దీ నేలంతా వెతికాడు. ఎక్కడా తుడవాల్సింది లేదు. పింగాణీ గిన్నె కడిగి బోర్లించాడు. కప్పు మీద మిషను చప్పుడు లేదు. కిటికీ రెక్క ముయ్యబోయి, జానెడు అలాగే ఉంచేశాడు.

కుర్చీలో కూర్చుందామని పాత ప్రూఫుల కట్ట ఎత్తబోయి, ఎత్తకుండా పక్కన నేల మీద కూర్చున్నాడు. కట్ట మధ్యన, తెల్ల వెంట్రుకల అంచుతో, చివరలు కలవని గుంట ఒకటి లోతుగా అచ్చుపడి ఉంది.