మోటారు షెడ్డు గొళ్ళెం

పోతనాళ కాలువకు నీళ్లు వదిలారు. తెల్లవారితే బాపయ్య పొలంలో నాట్లు. ఆ సాయంత్రం ఆయన టీవీ ముందు కుర్చీ వేసుకుని, కోడలు దేవిక చేసే పని చూస్తూ కూర్చున్నాడు.

రౌటర్ పక్కన ఒక నల్ల పెట్టె ఉంది. కొడుకు నాగేంద్రబాబు తెచ్చి పెట్టాడు. ఇంట్లోని ఫోటోలు, పెళ్లి వీడియోలు, కెమెరాల రికార్డింగులు అన్నీ అందులోనే పడుంటాయి. కావలసినప్పుడు మాత్రం ఒక్కటీ దొరకదు. వాటన్నిటినీ వెతికి, బొమ్మలతో వరుసగా టీవీ మీద పేర్చే సాఫ్ట్‌వేర్‌ని దేవిక ఎక్కిస్తోంది.

బాపయ్యకు కావలసింది ఒక్కటే. మూడేళ్ల కిందట పోయిన భార్య సీతారావమ్మ గొంతు వినాలి. గృహప్రవేశం వీడియోలో ఆమె వంటవాళ్లను కేకలేస్తుంది. ఆ కేక చాలు ఆయనకు.

"ఇంకా ఎంతసేపమ్మాయ్?"

"పెట్టెంతా వెతకమన్నాను మావయ్యా. ఏది దొరికితే అది తెస్తుంది. మా పెళ్లి వీడియోని చూడండి, ఏదో ఇంగ్లీషు సినిమా అనుకుని తుపాకి పట్టుకున్న తెల్లదొర బొమ్మ పెట్టింది!"

"మీ ఆయన కంటే వాడే నయంగా ఉన్నాడు."

దేవిక పకపకా నవ్వింది. అప్పుడే గుమ్మంలోకి నింగవ్వ వచ్చింది. నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద; యజమానిని ధణీ అంటుంది.

"షెడ్డు బీగం చెవి ఇయ్యి ధణీ. పొద్దుగాల్నే దిగుతం."

"ఇస్తాలే. మీ సీతవ్వ కనపడబోతోంది, చూసి పో."

నింగవ్వ నేల మీద చతికిలబడింది. సీతవ్వంటే ఆమెకు అంత ప్రాణం. ఇదివరకు బురదలో దిగే ముందు ఆ ఆడవాళ్లు చీర మార్చుకోవాలంటే గట్టు చాటే గతి. సీతారావమ్మ మొగుడితో పోట్లాడి, మోటారు షెడ్డు తలుపుకు లోపలి గొళ్ళెం పెట్టించి, నాట్లప్పుడల్లా తాళంచెవి వాళ్ల చేతికిచ్చేది. ఆ సంగతి బాపయ్య నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

రెండేళ్ల కిందట షెడ్డులో మోటారును దొంగలు ఎత్తుకుపోయారు. నాగేంద్రబాబు లోపల కెమెరా పెట్టించాడు. రాత్రుళ్లే పనిచేస్తుందన్నాడు. పాత రికార్డింగులు వారంలో వాటంతటవే చెరిగిపోతాయన్నాడు. బాపయ్య సరేనన్నాడు. ముఠాకు ఎవరూ చెప్పలేదు. చదివే అయ్యలారా, మనం ఎన్ని చోట్ల కెమెరాలు పెట్టలేదు? అక్కడ మసలే మనిషికి ఎవరం చెప్పాం?

టీవీ మీద బొమ్మలు వచ్చాయి. మొదట సీతారావమ్మ, పసుపు పళ్లెంతో నవ్వుతూ. బాపయ్య ముందుకు వంగాడు.

ఆ నవ్వు పక్కనే షెడ్డు గోడ. నీలం రంగు మోటారు. గొళ్ళెం పెట్టిన తలుపు. తలుపుకు వీపు ఆనించి నిలబడిన ఒక ఆడమనిషి, చేతిలో విప్పిన చీర.

దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి.

"గది మా అక్క కోడలు," అంది నింగవ్వ. తరవాతి బొమ్మకు వేలు చూపింది. "గిది... నేనే."

దేవిక ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులూ చాచి టీవీకి అడ్డంగా నిలబడింది. పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న నాగేంద్రబాబు లోపలికి వచ్చి, వాళ్ల ముఖాలు చూసి ఆగిపోయాడు.

"పాతవి చెరిగిపోతాయన్నారుగా!" దేవిక మొగుణ్ని నిలదీసింది. "ఇవి పోయిన సార్వా నాట్లప్పటివి. ఒక్కొక్కటీ ఏరి దాచుకుంటే తప్ప ఇవి మిగలవు."

"నేనెవరికీ పంపలేదు నాన్నా!"

ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు.

బాపయ్య కుర్చీలోంచి లేచాడు. కొడుకు పెట్టె వైపు కదిలాడు. "ఇటివ్వండి, ఇప్పుడే చెరిపేస్తా." అంతకుముందే బాపయ్య తీగ పీకి, పెట్టెను చంకలో పెట్టుకున్నాడు.

"చెరిపితే నీకు హాయి. ఇవ్వను."

నింగవ్వ గోడ పట్టుకుని లేచింది. "పగలే గొళ్ళెం పెట్టుకుంటిమి ధణీ. ఎవడన్న తోస్తడేమోనని ఒకామె తలుపుకు ఆనుకొని ఉంటుండె. సీతవ్వ పెట్టించిన గొళ్ళెమని ధైర్యం."

బాపయ్య తల ఎత్తలేకపోయాడు. "స్టేషనుకు పోదాం నింగవ్వా. వీడు నా కొడుకని నేనే చెప్తాను."

"ఆడపోలీసే చూడాల. మగోడు ముట్టగూడదు."

"అట్లాగే."

"నేనూ వస్తాను," అంది దేవిక, చెప్పులు వెతుక్కుంటూ.

"మన పరువేం కావాలి నాన్నా?" నాగేంద్రబాబు గుమ్మానికి అడ్డం వచ్చాడు.

"ఇప్పుడే టీవీలో చూశాం. ఇంకేం మిగిలిందిరా?" బాపయ్య కొడుకును భుజంతో నెట్టి, పెట్టెతో వాకిట్లోకి దిగి వెనక్కి తిరిగాడు. "మోటారు పోతే ఇంకోటి కొన్నాం. నువ్వు వీళ్ల దగ్గర ఎత్తుకుపోయింది ఏ కొట్లో తెచ్చివ్వను? కూలికొచ్చిన ఆడదాని మానం మీ అమ్మ మానంతో సమానం. దాన్ని దొంగిలించినవాడు కన్నకొడుకైనా దొంగే, వాణ్ని దాచిన ఇల్లు దొంగల ఇల్లే."